యాప్ స్టోర్లపై చర్చ: చిన్న డెవలపర్‌కు అసలు అడ్డంకి కమీషనా, జవాబు చెప్పేవారు లేకపోవడమా?

పెన్నాతీరం (నెల్లూరు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల కోసం నేను ఒక చిన్న యాప్ నడుపుతున్నాను. రైతు తెచ్చిన పాల కొలత, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) నమోదు చేస్తే ఆ పూట ధర లెక్కగట్టి, చీటీ ముద్రించి, రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపడం దాని పని. రాసిందీ, చూసుకుంటున్నదీ నేనొక్కడినే. మొదటి నుంచీ దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టలేదు. కేంద్రం నడిపేవారికి ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) నేరుగా ఇస్తాను. దానికి కారణం ఎస్సెమ్మెస్ అనుమతే. 2018 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన విధానం ప్రకారం, ఫోనులో ప్రధాన సందేశాల యాప్‌గానో కాల్స్ యాప్‌గానో ఉన్నవాటికీ, విడిగా మినహాయింపు పొందినవాటికీ తప్ప ప్లే స్టోర్‌లోని యాప్‌లకు ఎస్సెమ్మెస్, కాల్ జాబితా అనుమతులు దొరకవు. ఆ నిబంధన ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. అది నా పనికి సరిపడదు కాబట్టి నేను స్టోర్ బయట ఉండిపోయాను, అంతే.

ఇప్పుడు ఆ బయట కూడా మిగిలేలా లేదు. 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్ దేశాల్లోనూ, 2027 నుంచి క్రమంగా మిగిలిన దేశాల్లోనూ, గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ యాప్ ఎక్కించాలన్నా దాన్ని తయారు చేసినవారు తమ గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకుని ఉండాలని ఆ సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించింది. యాప్ వారి స్టోర్ నుంచి వచ్చిందా, నా వెబ్‌సైటు నుంచి వచ్చిందా అన్న తేడా ఇక ఉండదు.

పత్రికల్లో యాప్ స్టోర్ల మీద ఏ వ్యాసం చదివినా, అమ్మకాల్లో అవి తీసుకునే 30 శాతం కమీషన్ గురించే ఉంటుంది. నా యాప్‌లో వారి ద్వారా నడిచే లావాదేవీ ఒక్కటీ లేదు. కేంద్రాలు ఏడాదికోసారి చందాను నేరుగా నా బ్యాంకు ఖాతాకు పంపుతాయి. కోర్టుల్లో, కమిషన్లలో ఇన్నేళ్లుగా నడుస్తున్న పోరాటాల వల్ల నాలాంటివాడికి ఒరిగేది ఏమైనా ఉందా? అనుభవమున్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

అమీర్‌పేట_కోడర్ (హైదరాబాద్)

పెన్నాతీరం గారూ, కమీషన్ తగవు మీది కాదన్న మాట నిజమే. అయినా అది ఎలా నడిచిందో చూస్తే మీ ప్రశ్నకు సగం సమాధానం అందులోనే దొరుకుతుంది.

ఆపిల్ 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచి, అమ్మకంలో 30 శాతం తాను ఉంచుకుని 70 శాతం డెవలపర్‌కు ఇస్తానన్నది. గూగుల్ కూడా అదే వాటాను పాటించింది. 2020 ఆగస్టు 13న ఎపిక్ అనే వీడియో ఆటల సంస్థ తన ఫోర్ట్‌నైట్ ఆటలో సొంత చెల్లింపు మార్గం పెట్టింది. అదే రోజు రెండు స్టోర్లూ ఆ ఆటను తొలగించాయి, అదే రోజు ఎపిక్ రెండింటి మీదా కోర్టుకెక్కింది. ఆ నవంబరులోనే ఆపిల్, ఏడాదికి 10 లక్షల డాలర్లకు మించి సంపాదించని డెవలపర్లకు 15 శాతమే తీసుకుంటామని ప్రకటించింది. 2021 జులై నుంచి గూగుల్ కూడా మొదటి 10 లక్షల డాలర్ల ఆదాయంపై 15 శాతానికి దిగింది.

మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 25న ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఈ రెంటికీ మధ్య, 2024 మార్చి 1న, రుసుము చెల్లించలేదంటూ భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, నౌక్రీ, కుకూ ఎఫ్‌ఎం, మన హైదరాబాద్ నుంచి నడిచే క్వాక్‌క్వాక్ వంటి యాప్‌లను గూగుల్ తొలగించింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కలగజేసుకున్న తరువాత అవన్నీ కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చాయి.

ఆ సందర్భంలో గూగుల్ ఒక లెక్క చెప్పింది. ప్లే స్టోర్‌ను వాడుకునే భారతీయ డెవలపర్లు రెండు లక్షలకు పైగా ఉంటే, వారిలో రుసుము చెల్లించాల్సినవారు 3 శాతమేననీ, 15 శాతానికి మించి చెల్లించేవారు 60 మంది కూడా లేరనీ. ఈ లెక్కను గూగుల్ తనను సమర్థించుకోవడానికి చెప్పింది. నాకు మాత్రం అది మరో సంగతి చెబుతోంది. అందరి నోటా నానిన ఆ వివాదం అరవైలోపు సంస్థలది. తక్కిన లక్షల మంది ఏ ఇబ్బందితో ఉన్నారో ఏ కోర్టూ విచారించలేదు, ఏ మంత్రీ వారి తరఫున ఫోను చేయలేదు.

సైబర్_పహరా (కాకినాడ)

నాది వేరే అభిప్రాయం. అది ఇక్కడ చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను.

2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు ఫోనులోని పరిచయాల జాబితా మొత్తాన్ని లాక్కుని, అప్పు తీసుకున్నవారి బంధువులకు అవమానకరమైన సందేశాలు పంపేవి. ఆ మరుసటి నెలలో గూగుల్ వందల యాప్‌లను పరిశీలించి చాలావాటిని తీసివేసింది. ఇప్పుడు వాట్సాప్‌లో రవాణా శాఖ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. నొక్కినవారి ఎస్సెమ్మెస్‌లు, అంటే బ్యాంకు ఓటీపీలు, దొంగల చేతికి పోతున్నాయి. మా జిల్లాలో ఇలా డబ్బు పోగొట్టుకున్న పింఛనుదారులతో నేను స్వయంగా మాట్లాడాను.

పెన్నాతీరం గారి నిజాయితీని నేను శంకించడం లేదు. అయితే ఆయన యాప్ ప్రయాణించే దారి, ఆ దొంగ ఫైళ్లు ప్రయాణించే దారి ఒకటే. పాల కేంద్రంలో కూర్చున్న మనిషికి ‘వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే నొక్కవచ్చు’ అని ఒకసారి అలవాటైతే, రెండోసారి ఎవరు పంపినా నొక్కుతాడు. యాప్ తయారు చేసినవాడు ఎవరో ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలనడంలో నాకు అన్యాయం కనిపించడం లేదు.

మూడో_ఏడు_సీఎస్‌ఈ (కర్నూలు)

పెద్దలకు నమస్కారం. చిన్న సందేహం. నేను పోటీ పరీక్షల కోసం ఒక యాప్ రాసి, ప్లే స్టోర్‌లో 25 డాలర్లు కట్టి వ్యక్తిగత ఖాతా తెరిచాను. యాప్ అందరికీ విడుదల కావాలంటే ముందు 12 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు దాన్ని ఫోనులో ఉంచుకోవాలని నిబంధన ఉంది. టెలిగ్రామ్ గుంపుల్లో ‘నీ యాప్ నేను పెట్టుకుంటాను, నా యాప్ నువ్వు పెట్టుకో’ అని మార్పిడి నడుస్తోంది. కొందరు డబ్బుకు పరీక్షకులను అమ్ముతున్నారు. నాణ్యత కోసం పెట్టిన నియమం ఇలా మారితే దాని ప్రయోజనం ఏమిటి? సంస్థ పేరుతో ఖాతా తెరిస్తే ఈ నియమం ఉండదంటున్నారు, నిజమేనా?

అమీర్‌పేట_కోడర్ (హైదరాబాద్)

నిజమే తమ్ముడూ. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకే ఆ నియమం. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. సంస్థ ఖాతాకు పరీక్షకుల నియమం లేదు కానీ డన్స్ సంఖ్య (వ్యాపార సంస్థలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కావాలి, నమోదైన సంస్థ ఉండాలి. డబ్బుకు పరీక్షకులను కొనవద్దు. అటువంటి ఖాతాలు పరీక్షలో నిలవవు. మీ తరగతిలోనే పన్నెండు మంది దొరుకుతారు, పైగా వారు యాప్‌లో తప్పులు కూడా చెబుతారు.

ఓరుగల్లు_ఆటలు (హన్మకొండ)

ఈ చర్చ అసలు చేరవలసిన చోటికి ఇంకా చేరలేదని నాకనిపిస్తోంది. నా అనుభవం చెబుతాను. వేదిక పేరు చెప్పను, ఎందుకంటే ఏ వేదిక మీదైనా ఇది జరగవచ్చు.

పిల్లల కోసం తెలుగు అక్షరాలు దిద్దించే ఆటలు చేసి ఒక పెద్ద స్టోర్‌లో పెట్టాను. ఒకనాటి ఉదయం ఖాతా మొత్తం మూసివేసినట్టు ఉత్తరం వచ్చింది. ‘మునుపు మూసివేసిన మరొక ఖాతాతో మీకు సంబంధం ఉంది’ అన్నదే కారణం. ఏ ఖాతా, ఏ సంబంధం అన్నది అందులో లేదు. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడి ఖాతా అయి ఉండవచ్చు, ఇద్దరం ఒకే కంప్యూటరు వాడి ఉండవచ్చు; ఇది నా ఊహ మాత్రమే, ఎందుకంటే ఈనాటికీ నాకెవరూ చెప్పలేదు. అప్పీలు చేస్తే, మొదటి ఉత్తరంలోని వాక్యాలే తిరిగి వచ్చాయి. దాని కింద మనిషి పేరు లేదు, ఫోను నంబరు లేదు, ఇకపై ఉత్తరాలకు సమాధానం ఉండదని మాత్రం ఉంది. ప్రకటనల మీద అప్పటికి పోగైన సొమ్ము కూడా అందులోనే ఆగిపోయింది.

సైబర్_పహరా గారూ, గుర్తింపు నమోదు గురించి మీరు చెప్పారు. నేను ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా అన్నీ ఇచ్చినవాడినే. నేనెవరో వారికి పూర్తిగా తెలుసు. వారెవరో, నా సంగతి ఎవరు నిర్ణయించారో మాత్రం నాకు తెలియదు. గుర్తింపు రెండువైపులా ఉండాలి కదా? నా మీద తీర్పు చెప్పే మనిషి ఉన్నాడా, లేక కంప్యూటరు ప్రోగ్రామే చెప్పిందా అన్నది తెలుసుకునే హక్కయినా నాకుండాలి. కమీషన్ 30 శాతమైనా భరించేవాడిని. కారణం తెలియని మూసివేతను ఎలా భరించాలో తెలియక ఆ పని మానేశాను.

న్యాయవాది_బెజవాడ (విజయవాడ)

ఓరుగల్లు గారు అడిగిన హక్కు ఒకచోట చట్టరూపంలో ఉంది. కమీషన్ వార్తల మధ్య దాని మాట వినబడదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

యూరోపియన్ యూనియన్ 2019లో ఆన్‌లైన్ వేదికలకూ, వాటిపై ఆధారపడిన వ్యాపారులకూ మధ్య సంబంధాలపై ఒక నియంత్రణ తెచ్చింది. 2020 జులై 12 నుంచి అది అమలులో ఉంది. యాప్ స్టోర్లు దాని పరిధిలోకి వస్తాయి. అందులో ముఖ్యమైనవి చెబుతాను. నియమాలు మార్చదలిస్తే సాధారణంగా కనీసం 15 రోజుల ముందు తెలియజేయాలి. ఒక వ్యాపారికి సేవను పూర్తిగా నిలిపివేయదలిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, 30 రోజుల ముందు కారణాలతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కారణాలు ‘విధాన ఉల్లంఘన’ అన్నంత బోలుగా కాక, ఏ వాస్తవాల ఆధారంగా ఏ నిబంధన కింద నిర్ణయించారో చెప్పేలా ఉండాలి. మరీ చిన్న వేదికలను మినహాయిస్తే, ప్రతి వేదికా లోపల ఒక ఫిర్యాదుల వ్యవస్థ నడపాలి, ఒప్పందంలోనే మధ్యవర్తుల పేర్లు చెప్పాలి. వెతుకులాటలో యాప్‌ల వరుసను నిర్ణయించే ముఖ్య ప్రమాణాలేమిటో కూడా వెల్లడించాలి.

పత్రికల పేజీలకెక్కే జరిమానాలు, తీర్పులు దీని వెంట లేవు. చిన్న డెవలపర్ నిత్యజీవితానికి సంబంధించినంతవరకు మాత్రం ఎపిక్ వ్యాజ్యాల కన్నా ఈ నియంత్రణే ముఖ్యమైనదని నా నమ్మకం.

మన దేశంలో దీనికి సాటి చట్టం లేదు. 2021 ఐటీ నియమాల కింద ఫిర్యాదుల అధికారి ఉన్నాడు, 2023లో అప్పీలు కమిటీలు కూడా ఏర్పడ్డాయి. అవి ప్రధానంగా వేదికల్లోని సమాచారంపై వినియోగదారుల ఫిర్యాదులను దృష్టిలో పెట్టుకున్నవి. కాంపిటీషన్ చట్టం కింద వెళ్లాలంటే మార్కెట్ నిర్వచనం, ఆధిపత్యం, దాని దుర్వినియోగం అన్నీ నిరూపించాలి. ఒక వ్యక్తి తన ఖాతా కోసం మోయగలిగిన బరువు కాదది. 2024 మార్చిలో బయటికి వచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా, పెద్ద వేదికలు ముందుగానే పాటించవలసిన బాధ్యతలను ప్రతిపాదించింది. అది చట్టమయ్యేటప్పుడు కారణం చెప్పవలసిన బాధ్యత, గడువు, మనిషి చేత పునఃపరిశీలన అనే మూడూ స్పష్టంగా ఉండాలని మనం కోరాలి.

డల్లాస్_తెలుగువాడు

న్యాయవాది గారి మాటలు విలువైనవే. చట్టం మీద మరీ ఆశ పెట్టుకోవద్దని మాత్రం ఇక్కడి అనుభవంతో చెప్పగలను. నేను ఐఫోన్ యాప్‌లు చేస్తాను.

ఎపిక్, ఆపిల్ వ్యాజ్యంలో న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ 2021 సెప్టెంబరులోనే, యాప్ లోపలి నుంచి బయటి చెల్లింపు పేజీకి దారి చూపకుండా డెవలపర్లను ఆపరాదని ఆదేశించారు. అప్పీళ్లన్నీ ముగిసేసరికి 2024 జనవరి వచ్చింది. అప్పుడు ఆపిల్ లింకు పెట్టుకోనిచ్చింది కానీ, ఆ లింకు ద్వారా బయట జరిగిన అమ్మకంపై కూడా 27 శాతం కట్టాలన్నది. బయట కార్డు చెల్లింపులు చూసే సంస్థకు ఇచ్చుకునే రెండు మూడు శాతం కలిపితే మళ్లీ 30కి వచ్చి ఆగుతుంది. 2025 ఏప్రిల్ 30న అదే న్యాయమూర్తి, ఆపిల్ తన ఆదేశాన్ని కావాలనే ఉల్లంఘించిందని నిర్ధారించారు. ఆదేశం నుంచి ఆ నిర్ధారణ దాకా మూడున్నరేళ్లకు పైగా పట్టింది. ఎపిక్ అన్నేళ్లు నిలబడగలిగింది. ఒక గదిలో కూర్చుని పనిచేసే మనిషి నిలబడలేడు.

మరొక కోణం కూడా ఉంది. వేదిక యజమాని మన యాప్‌ను తొలగించనక్కర లేదు, మన పనిని తానే చేసినా చాలు. 2002లో మ్యాక్ కంప్యూటర్లలో ఒక చిన్న సంస్థ చేసిన వాట్సన్ అనే సాఫ్ట్‌వేర్‌కు మంచి పేరుండేది. ఆపిల్ షెర్లాక్ అనే తన వెతుకులాట సాధనం మూడో రూపంలో దాదాపు అవే సౌకర్యాలు ఉచితంగా ఇచ్చింది. అప్పటి నుంచి ఇక్కడి డెవలపర్లు ‘షెర్లాక్ అయిపోయాను’ అనే మాట వాడుతున్నారు. తెరలోని నీలి వెలుగును తగ్గించే ఎఫ్‌లక్స్‌ను ఐఫోన్‌లోకి రానివ్వలేదు, 2016లో అదే సౌకర్యం నైట్ షిఫ్ట్‌గా ఐఫోన్‌లో వచ్చింది. ఇవేవీ చట్టవిరుద్ధమని ఏ కోర్టూ అనలేదు. ఫోనులో రాత్రి వెలుగు తగ్గడం వాడుకరికి మంచిదే, కాదనలేను. అయితే రేపు ఆపిల్ దేన్ని ఉచితంగా ఇస్తుందో తెలియని చోట, రెండేళ్లు కష్టపడి ఏదైనా తయారు చేయడానికి ఎవరు ముందుకొస్తారు?

స్వేచ్ఛా_మూలాలు (బెంగళూరు)

డల్లాస్ గారు చెప్పినదానికి మరొక ఉదాహరణ చేరుస్తాను, ఎందుకంటే ఇందులో వేదిక ప్రవర్తన నాకు మరీ బాధ కలిగించింది. విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి యాప్‌గెట్ అనే ఉచిత సాధనాన్ని కెనడాలోని కీవన్ బేగీ తయారు చేశాడు. 2019 జులైలో మైక్రోసాఫ్ట్ మేనేజర్ ఒకరు ఆయనకు ఉత్తరం రాశారు, కలిశారు, ఆ సాధనం ఎలా పనిచేస్తుందో అడిగి తెలుసుకున్నారు. డిసెంబరులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగింది. తరువాత నెలల తరబడి కబురు లేదు. 2020 మేలో, మైక్రోసాఫ్ట్ అదే పని చేసే తన విన్‌గెట్‌ను ప్రకటించే ముందు రోజు, ఆయనకు సమాచారం అందింది. రెండింటి పని తీరూ, ప్యాకేజీ వివరాల ఫైళ్ల రూపం కూడా చాలా దగ్గరగా ఉన్నాయని ఆయన రాసి, యాప్‌గెట్‌ను మూసివేశాడు. ఆ తరువాతే మైక్రోసాఫ్ట్ వారు ఆయన పని నుంచి తీసుకున్నవేమిటో బహిరంగంగా ఒప్పుకున్నారు. సోర్సు కోడ్‌ను అందరికీ ఇచ్చినవాడు కాబట్టి ఆయన అభ్యంతరం కోడ్ తీసుకున్నందుకు కాదు. పేరు చెప్పనందుకు, మాట ఇచ్చి మౌనం వహించినందుకు.

ఇక స్వచ్ఛందంగా పనిచేసేవారిని రోజూ అలసిపోయేలా చేసేది మరొకటి ఉంది. నియమాలు ఆగకుండా మారుతుండడం. ప్లే స్టోర్‌లో ఒక యాప్ పూర్తయిపోయింది, ఇక మార్చేదేమీ లేదు అనుకోవడానికి వీల్లేదు. కొత్త ఆండ్రాయిడ్ వచ్చిన ఏడాదిలోపు అప్‌డేట్లు దానికి తగిన ప్రమాణాన్ని అందుకోవాలి. మరీ వెనకబడిన యాప్‌లు కొత్త ఫోన్లవారికి వెతికినా కనిపించవు. ఒక నిఘంటువు యాప్ ఉందనుకోండి. పదాలు మారలేదు, అర్థాలు మారలేదు, యాప్‌లో లోపం లేదు. అయినా దాన్ని తిరిగి నిర్మించి, పరీక్షించి, కొత్త ప్రకటన పత్రాలు నింపి పంపాలి. జీతం తీసుకునే బృందానికి ఇది ఒక వారం పని, రాత్రిళ్లు మాత్రమే ఖాళీ దొరికేవాడికి అది యాప్‌ను వదిలేయడానికి కారణం. ఫైళ్లను పరికరాల మధ్య సమానంగా ఉంచే సింక్‌థింగ్ ఆండ్రాయిడ్ యాప్‌ను దాని నిర్వాహకుడు 2024లో ఆపేస్తూ, ప్లే స్టోర్‌లో ప్రచురించడం కష్టమైపోవడాన్ని ఒక కారణంగా చెప్పాడు. రాతపనికి వాడే ఐఏ రైటర్ యాప్ సంస్థ అదే ఏడాది, గూగుల్ డ్రైవ్‌ను అందుకోవడానికి అడిగిన భద్రతా తనిఖీల భారం మోయలేమంటూ తన ఆండ్రాయిడ్ యాప్‌ను నిలిపివేసింది.

పెన్నాతీరం గారు అడిగిన గుర్తింపు నియమంపై ఎఫ్‌-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోరు ఎందుకు అంత గట్టిగా అభ్యంతరం చెప్పిందో కూడా తెలుసుకోవాలి. ఎఫ్‌-డ్రాయిడ్ వారు సోర్సు కోడ్ నుంచి తామే యాప్‌ను నిర్మించి, చాలావరకు తామే సంతకం చేసి ఇస్తారు. వాడుకరుల దగ్గర ఖాతా అడగరు, వారి సమాచారం సేకరించరు. కొత్త నియమం ప్రకారం ప్రతి యాప్ పేరూ, ప్రతి సంతకం కీ (యాప్ ఫలానా వారిదేనని నిరూపించే రహస్య డిజిటల్ తాళం) ఎవరిదో గూగుల్ పట్టికలో నమోదు కావాలి. వేరొకరు రాసిన యాప్‌ల పేర్లను ఎఫ్‌-డ్రాయిడ్ తనవిగా నమోదు చేయలేదు, ప్రతి రచయితనూ నమోదు చేసుకొమ్మని బలవంతం చేయలేదు. తప్పు చేయని వ్యవస్థ కూడా ఇలా ఇరుకున పడుతుంది.

పెన్నాతీరం (నెల్లూరు జిల్లా)

అందరికీ కృతజ్ఞతలు. సైబర్_పహరా గారూ, మీరు లేవనెత్తిన ప్రమాదం నిజం. మా కేంద్రాల్లోని వారు కూడా చలానా పేరుతో వచ్చిన ఫైలును నాకు పంపి ‘ఇది మీదేనా’ అని అడిగారు. అందుకే నమోదు వద్దని నేను అనను. ఆ నమోదు ఎవరి దగ్గర ఉండాలన్నదే నాకు తేడా.

మా వైపు వారపు సంతలో ఆశీలు కట్టడానికి ఎవరూ వెనకాడరు. ఆశీలు వసూలు చేసే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది, రేటు పలక మీద రాసి ఉంటుంది, గుత్తేదారు ఎక్కువ అడిగితే సర్పంచి దగ్గరకు పోతాం. ఇక్కడ గుత్తేదారే రేటు రాస్తాడు, సంతలో తన దుకాణాలూ నడుపుతాడు, తగవు వస్తే తానే తీర్పు చెబుతాడు. ఇప్పుడు సంత బయట రోడ్డు పక్కన గంప దింపుకోవాలన్నా తన పుస్తకంలో పేరు రాయించుకొమ్మంటున్నాడు. ఓరుగల్లు గారికి జరిగినట్టు రేపు నా పేరు ఆ పుస్తకంలోంచి కొట్టేస్తే, పాలు పోసే రైతులకు ఆ పూట చీటీ రాదు. ఆ సంగతి కొట్టేసినవారికి తెలిసే అవకాశం కూడా లేదు.

సైబర్_పహరా (కాకినాడ)

ఈ వాదనను నేను అంగీకరిస్తాను. నమోదు అవసరమన్న నా మాటకు కట్టుబడే ఉన్నాను, దాన్ని వ్యాపారంలో ఉన్న సంస్థే చేయాలన్న అవసరం మాత్రం లేదు. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం కింద ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి ఉన్నారు; ఆయన లైసెన్సు ఇచ్చిన సంస్థలు గుర్తింపు పరిశీలించి డిజిటల్ సంతకాలు ఇస్తున్నాయి. కంపెనీల రిటర్నులు, టెండర్లు వాటి మీదే నడుస్తున్నాయి. అటువంటి సంతకం ఉన్న డెవలపర్‌ను గూగుల్ కూడా గుర్తించి తీరాలని నియమం పెడితే, ఎవరు తయారు చేశారో పోలీసులకు తెలుస్తుంది, తగవు వస్తే మన న్యాయస్థానాలకు వెళ్లవచ్చు.

ఓరుగల్లు_ఆటలు (హన్మకొండ)

ఆ సంతకం ఇచ్చే సంస్థ రద్దు చేయదలిస్తే కారణం చెప్పాలన్న నియమం కూడా దానితోనే రావాలి. లేకపోతే ఒక మూసిన తలుపు ముందు నుంచి లేచి మరొక మూసిన తలుపు ముందు కూర్చోవడమే అవుతుంది.

న్యాయవాది_బెజవాడ (విజయవాడ)

సరిగ్గా చెప్పారు. నేను రాయదలచిన వినతి పత్రంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు పంపేటప్పుడు ఓరుగల్లు గారి వంటివారి అనుభవాలు, వచ్చిన ఉత్తరాల ప్రతులతో సహా జతచేస్తే బలం ఉంటుంది. ఖాతా మూసివేతకు గురైన సభ్యులు తేదీ, చెప్పిన కారణం, అప్పీలుకు వచ్చిన సమాధానం ఈ మూడూ నాకు సందేశంలో పంపండి. పేర్లు బయటపెట్టను.

స్వేచ్ఛా_మూలాలు (బెంగళూరు)

పెన్నాతీరం గారూ, చట్టం వచ్చేలోగా మీరు చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. కంగారు పడనక్కర లేదు. విద్యార్థులకూ, అభిరుచి కొద్దీ చేసేవారికీ గుర్తింపు పత్రం లేని పరిమిత ఖాతా ఒకటి ఉంటుందని గూగుల్ చెప్పింది. అనుభవజ్ఞులైన వాడుకరులు హెచ్చరికలు దాటి నమోదుకాని యాప్‌లను ఎక్కించుకునే మార్గం ఉంచుతామని 2025 నవంబరులో ప్రకటించింది. పాల కేంద్రాలవారు ఆ హెచ్చరికలు దాటాలని ఆశించలేం, కొద్ది ఫోన్లకే పనికొచ్చే పరిమిత ఖాతా మీ కేంద్రాల సంఖ్యకు సరిపోదు. మీరు పూర్తి నమోదే చేసుకోవాలి.

అందుకు మీ యాప్ పేరు మీదేనని మీ సంతకం కీతో నిరూపించాల్సి ఉంటుంది. ఆ కీ ఫైలు, దాని సంకేతపదం మీ లాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంటే ఇవాళే రెండు వేరువేరు చోట్ల భద్రపరచండి. అది పోతే యాప్ మీదని నిరూపించడమూ కష్టమే, ఉన్న వాడుకరులకు అప్‌డేట్ ఇవ్వడమూ కుదరదు. ఎప్పుడైనా ప్లే స్టోర్‌లోకి వెళ్లదలిస్తే ఇంకో జాగ్రత్త. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌ల సంతకం కీ గూగుల్ దగ్గర ఉంటుంది. వారినే కొత్త కీ తయారు చేయనిస్తే, స్టోర్‌లోని యాప్, మీరు నేరుగా ఇచ్చే యాప్ రెండు వేర్వేరు సంతకాలతో ఉంటాయి. ఒకదాని మీద మరొకటి ఎక్కదు, పాతది తీసివేస్తే అందులోని లెక్కలు పోతాయి. మొదటిసారి పెట్టేటప్పుడే మీ సొంత కీని వారికి అప్పగించే ఎంపిక ఉంది, దాన్నే ఎంచుకోండి. అప్పుడు రేపు స్టోర్ నుంచి బయటికి రావలసి వచ్చినా మీ కేంద్రాలకు అదే యాప్‌ను మీరే కొనసాగించవచ్చు.

ఏపీకేను వాట్సాప్‌లో పంపడం మానేసి, సొంత పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టి అక్కడి నుంచే దించుకొమ్మనండి. యాప్ కూడా కొత్త అప్‌డేట్‌ను అక్కడి నుంచే వెతుక్కునేలా చేయండి. సైబర్_పహరా గారు చెప్పిన అలవాటు ప్రమాదం దానితో చాలావరకు తగ్గుతుంది. ఎస్సెమ్మెస్‌ను ఫోను నుంచి కాక డీఎల్‌టీలో (వ్యాపార సందేశాల కోసం టెలికాం సంస్థలు నడిపే నమోదు వ్యవస్థ) నమోదు చేసిన శీర్షిక (పంపినవారి పేరు), నమూనా సందేశంతో సర్వర్ నుంచి పంపితే ఆ అనుమతి అవసరమే ఉండదు. సందేశానికి కొన్ని పైసలు ఖర్చవుతాయి, నమోదుకు కొంత తిరగాలి.

పెన్నాతీరం (నెల్లూరు జిల్లా)

కీ ఫైలు సంగతి ఈ రాత్రే చూస్తాను. డీఎల్‌టీ నమోదు సంస్థ పేరు మీదే చేస్తారా, నాలాంటి వ్యక్తికి కూడా కుదురుతుందా అన్నది తెలిసినవారు చెప్పండి. పాల సహకార సంఘం పేరు మీద చేయించడానికి మా సంఘం కార్యదర్శి ఒప్పుకుంటారు, శీర్షిక కూడా వారి పేరుతో ఉంటే రైతులు నమ్ముతారు. న్యాయవాది గారూ, వినతి పత్రంలో నా సంతకం కూడా చేర్చండి.